తాటిమెట్ట యుద్ధానికి భద్రతాధికారి

యుద్ధాన్ని తనిఖీ చేసి, అది సురక్షితంగా ఉందని ధ్రువపత్రం ఇవ్వమని నాకు ఉత్తర్వు వచ్చినప్పుడు నేనొక జీడిపప్పు ఫ్యాక్టరీలో మెట్ల పక్క కమ్మీ ఎత్తు కొలుస్తున్నాను. మూడంగుళాలు తక్కువుంది. ఆ సంగతి రాసుకుని, కవరు చింపి, ఉత్తర్వు చదివాను. మళ్ళీ చదివాను. అందులో నిజంగానే యుద్ధం అని ఉంది.

నా పేరు బెహరా జగన్నాయకులు. ఫ్యాక్టరీల శాఖలో డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ని. జూటు మిల్లులో బెల్టులకి కంచెలున్నాయా, బాయిలరు వాల్వు పనిచేస్తోందా, నిప్పునార్పే సిలిండరు గోడకి తగిలించారా లేక తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టారా, ఇవి చూడ్డం నా పని. ఇన్నేళ్ళలో నన్నెవరూ ఏ ఉత్సవానికీ పిలవలేదు. అందుకని సంతోషం పట్టలేక ఇంటికి వెళ్ళగానే మా ఆవిడకి చెప్పాను.

"యుద్ధానికా? మీరా?" అంది. "బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కుతారు కదండీ."

"చంపడానికి కాదే. ఎవరూ చావకుండా చూడ్డానికి," అన్నాను, కొంచెం గంభీరంగా. ఆ గాంభీర్యం తరవాత మూడు వారాలు నా మొహం మీంచి దిగలేదు. అద్దంలో చూసుకున్నప్పుడు నాకే భయం వేసేది.

సంగతేమిటంటే, రెండు వందల యాభయ్యేళ్ళ కిందట మా డివిజన్లో తాటిమెట్ట అనే చోట ఎగువకోట దొరగారికీ, దిగువకోట దొరగారికీ యుద్ధం జరిగింది. చెరువు గట్టు మీద ఇద్దరి పల్లకీలూ ఎదురుపడ్డాయి. ఎవరు పక్కకి తప్పుకోవాలన్నది తేలలేదు. మర్నాడు పొద్దున్న యుద్ధం. మధ్యాహ్నం భోజనాల వేళకి ముగిసింది. దాన్ని మళ్ళీ ఆ మెట్ట మీదే, అదే తిథినాడు, జనం ముందు ఆడించాలని మా ఆర్డీవో గారికి ఉత్సాహం పుట్టింది. పొరుగు జిల్లాలో ఎవరో కోట గోడల మీద లైట్లతో ఏదో ప్రదర్శన పెట్టారట. దానికి పత్రికల్లో ఫొటోలు పడ్డాయట.

మొదటి సమావేశంలో ఆర్డీవో గారు నాకొక ఫైలూ, నా పక్కన కూర్చున్న డాక్టర్ శశిరేఖ గారికొక ఫైలూ ఇచ్చారు. శశిరేఖ గారు మా ఊరి డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతారు. తాటిమెట్ట యుద్ధం మీద ఏడేళ్ళు పరిశోధన చేశారు. ఆవిడ ఫైలు మీద "యథార్థత" అని, నా ఫైలు మీద "భద్రత" అని ఉంది.

"యథార్థత విషయమున రాజీ లేదు," అన్నారు ఆర్డీవో గారు. ఆయన ఇంట్లో మామూలుగానే మాట్లాడతారట, ఆఫీసు కుర్చీలో కూర్చుంటే మాత్రం ఉత్తర్వు చదువుతున్నట్టే ఉంటుంది. "నాడు ఏది ఎట్లు జరిగినదో నేడు అది అట్లే జరుగవలెను. అదే విధముగా భద్రత విషయమునను రాజీ లేదు. పాల్గొను ఏ ఒక్కరికిని గోరంత గీత కూడా పడరాదు."

"సార్, రెండూ ఒకేసారి..." అన్నాను.

"రెండింటి మధ్యను రాజీ కుదుర్చుట మీ ఇరువురి బాధ్యత."

సైన్యం ఎవరంటే, సిమ్మయ్య గారి గరిడీ. మా వైపు కర్రసాము, కత్తిసాము నేర్పే చోటుని గరిడీ అంటారు. సిమ్మయ్యకి అరవై దాటాయి. సన్నగా, నల్లగా, ఎండిన వెదురులా ఉంటాడు. నలభయ్యేళ్ళుగా సాము నేర్పుతున్నాడు. ఆయన శిష్యులు అరవై మంది, చెరిసగం రెండు సైన్యాలు.

మొదటి రిహార్సలుకి నేను టేపూ, విజిలూ, అట్టకి బిగించిన కాగితాలూ పట్టుకుని వెళ్ళాను. మెట్ట మీద ఇద్దరు కర్రలు తిప్పుతున్నారు. కర్రలు కనబడ్డం లేదు, గాలి చప్పుడు మాత్రం వినబడుతోంది. ఒక కర్ర రెండోవాడి నడినెత్తి మీదికి దిగింది. నేను విజిలు ఊదాను. ఊదేసరికి కర్ర వాడి జుట్టుకి పెసరగింజంత ఎత్తున ఆగి ఉంది. వాడు నవ్వుతున్నాడు.

"ఏటైంది బాబూ?" అంటూ సిమ్మయ్య పరుగున వచ్చాడు.

"తల పగిలేది!"

"పగల్దు బాబూ. ఆగీసింది కదా."

"ఆగకపోతే?"

సిమ్మయ్య ఆలోచించాడు. ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగినట్టు లేదు. "ఆగకపోడం నేదు బాబూ. కర్రని సూడకూడదు, ఎదటోడి కళ్ళు సూడాల. దెబ్బ కర్రలోకి రాకముందే కళ్ళల్లోకి వచ్చీస్తాది. కొట్టీవోడూ కళ్ళే సూస్తాడు, కాసుకునీవోడూ కళ్ళే సూస్తాడు. మరింక దెబ్బెక్కడ తగులుద్ది?"

"ఇది ఎక్కడైనా రాసి ఉందా?"

"నాకు రాత రాదు బాబూ."

"ఇంతవరకూ ఎన్ని ప్రమాదాలు జరిగాయి?"

"ఒక్కటీ నేదు."

"రిజిస్టరుందా?"

"పెమాదమే నేకపోతే రిజిస్టరేటి బాబూ?"

నేను జాలిపడ్డాను. రిజిస్టరు లేనప్పుడు ప్రమాదాలు జరగలేదని నమ్మేదెలా? ఆ రాత్రి నివేదికలో "గత ప్రమాదాల సంఖ్య: తెలియరాలేదు" అని రాసి, కింద గీత గీశాను. ఆ వాక్యం నాకు చాలా నచ్చింది.

నెత్తి మీద కర్ర ఆగినప్పుడు నవ్విన కుర్రాడి పేరు తవుడు. సిమ్మయ్యకి మేనల్లుడు. జూటు మిల్లులో పనిచేస్తూ, పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కాడు. పరుగు పరీక్ష ఒక్కటే మిగిలింది. అది యుద్ధమైన పన్నెండో రోజున. వయసు ప్రకారం అతనికదే ఆఖరి అవకాశం. అందుకని రోజూ పొద్దున్నే చెరువు గట్టు మీద పరిగెత్తేవాడు.

తనే వచ్చి నమస్కారం పెట్టాడు. "నాను మీకు తెలీదు గానీ మీరు నాకు తెలుసు సార్. మా మిల్లులో బెల్టులకి కంచెలు ఏయించింది మీరే. మా నాన్న చెయ్యి ఎలిపోయిన ఏడు."

నాకు గుర్తుంది. ఆ కంచెల కోసం నేను యాజమాన్యంతో ఎనిమిది నెలలు పోట్లాడాను. నా ఉద్యోగంలో చెప్పుకోదగ్గ పని ఏదైనా ఉంటే అదే. ఈ మాట ఇక్కడెందుకు చెబుతున్నానంటే, తవుడు తరవాత నా మాట ఎందుకు విన్నాడో మీకు తెలియాలి కాబట్టి.

ఇక భద్రత మొదలుపెట్టాను.

ముందు కర్రలకీ, మొద్దుకత్తులకీ రెండంగుళాల మందాన ఫోము చుట్టించాను. శశిరేఖ గారు చూసి, పద్దెనిమిదో శతాబ్దంలో ఫోము లేదన్నారు. ఫోము మీద గోధుమరంగు గుడ్డ కుట్టించాం. సైనికులు దూరానికి దిళ్ళు పట్టుకుని పోట్లాడుతున్న బావమరదుల్లా కనిపించారు గానీ, ఇద్దరి ఫైళ్ళలోనూ టిక్కు పడింది.

తరవాత ఫిరంగి. పేలుడు కుదరదన్నాను. ఫిరంగి లేకుండా యుద్ధం కుదరదన్నారు ఆవిడ. చివరికి చెక్క ఫిరంగి వెనకాల ఒక మనిషిని కూర్చోబెట్టి నోటితో అనిపించాలని తేల్చాం. "ధాం" అనాలా "ఢమాల్" అనాలా అన్నదాని మీద ఆవిడ రెండు రోజులు పాత కాగితాలు తిరగేశారు. నేను శబ్దాన్ని కొలిచే యంత్రం తెప్పించి, మరీ గట్టిగా అనకూడదని మనిషికి లిఖితపూర్వకంగా తెలియజేశాను. అతను పాపం ఎవరో పడుకున్న ఇంట్లో దగ్గినట్టు "ధాం" అనేవాడు.

ఏనుగు విషయం ఇంకా చిక్కు. ఎగువకోట దొరగారు ఏనుగెక్కి వచ్చారని ఆధారాలున్నాయి. జంతువుల్ని వాడకూడదని నిబంధన ఉంది. అందుకని వెదురు చట్రానికి బూడిదరంగు గుడ్డ కప్పి, లోపల నలుగురు మనుషుల్ని నిలబెట్టాం. నలుగురు మనుషులు గాలాడని చోట దూరి పనిచేస్తే మా శాఖలో దాన్ని "పరిమిత స్థలంలో పని" అంటారు. ఫ్యాక్టరీ ట్యాంకులోకి దిగేవాళ్ళకి వర్తించే నిబంధనలన్నీ వర్తిస్తాయి. ఆ ప్రకారం ఏనుగు తోకని తాడుగా మార్చి, లోపలివాళ్ళ నడుములకి కట్టించాను. ఎవరైనా సొమ్మసిల్లితే బయటినుంచి లాగడానికి. తోక దగ్గరొక మనిషి నిలబడి, అయిదు నిమిషాలకోసారి "అందరూ బాగున్నారా?" అని అడగాలి. లోపల్నుంచి "బాగున్నాం" అని జవాబు రావాలి.

"ఏనుగు మాట్లాడ్డానికి ఆధారాల్లేవు," అన్నారు శశిరేఖ గారు.

ఆవిడ వాదనలో న్యాయముంది. జవాబుకి బదులు ఘీంకరించేటట్టు సవరించాం.

చావుల సంగతికొస్తే, ఆవిడ లెక్క ప్రకారం దిగువకోట వైపు పద్నాలుగు మందీ, ఎగువకోట వైపు తొమ్మిది మందీ చావాలి. ఒక్కరు తగ్గడానికి కూడా ఆవిడ ఒప్పుకోలేదు. ఆ ఇరవై ముగ్గురికీ నేను చావడంలో శిక్షణ ఇచ్చాను. మొదట మోకాలు, తరవాత అరచెయ్యి, తరవాత భుజం, ఆఖర్న తల. పడేముందు నేల మీద ముల్లుందేమో చూసుకోవాలి. ప్రతి దెబ్బకీ అనుమతి పత్రం పెట్టాను. తెల్లకాగితం కొట్టేవాడికి, పసుపు కాగితం తినేవాడికి, గులాబీది ఆఫీసుకి. ఆ పద్ధతిలో చేసిన మొదటి రిహార్సల్లో మూడు గంటలకి ఒక్క దెబ్బ పడింది. నాకది గొప్ప విజయంగా తోచింది. ఆర్డీవో గారు "ప్రగతి సంతృప్తికరము" అని రాశారు.

ఆఖర్న హెల్మెట్లు.

మొహమంతా కప్పే అద్దం ఉన్నవి తెప్పించాను. శశిరేఖ గారు వాటి మీద తలపాగాలు చుట్టించారు. సిమ్మయ్య ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. మూడు వారాల్లో ఆయన దేనికీ అడ్డు చెప్పలేదు. ఫోముకి చెప్పలేదు, కాగితాలకి చెప్పలేదు. వేలిముద్ర ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేశాడు.

"బాబూ, అన్నీ ఉంచీండి. ఇదొక్కటీ ఒగ్గీండి," అన్నాడు. "మొకం మూసీస్తే కళ్ళు అగుపడవు."

"కళ్ళకి రక్షణ కోసమే కదా ఇది."

"కళ్ళకి రచ్చన కాదు బాబూ. కళ్ళే రచ్చన."

చుట్టూ అరవై మందీ నన్నే చూస్తున్నారు. నాకు ఒక్క క్షణం ఏదో అనిపించింది. కాని హెల్మెట్లకి అప్పటికే ఆమోదం అయిపోయింది. ఆమోదమైనదాన్ని రద్దు చెయ్యాలంటే ఎంత రాయాలో నాకు తెలుసు.

అప్పుడు తవుడు ముందుకొచ్చి హెల్మెట్టు పెట్టుకున్నాడు. "సారు సెప్పీరు కదా మావా. పెట్టుకుందాం. సారికి తెలుసు," అన్నాడు.

సిమ్మయ్య తన చేతిలోది తనూ పెట్టుకున్నాడు. నేను ఫైల్లో "అభ్యంతరములు: ఒకటి. కారణము: అవగాహనా లోపము" అని రాశాను.

యుద్ధం రోజు వైశాఖమాసపు ఎండ. యథార్థత ప్రకారం పదకొండు గంటలకి మొదలవ్వాలి. మెట్ట చుట్టూ ఎనిమిదడుగుల ఇనప కంచె వేయించి, ఒకే గేటు పెట్టి, తాళంచెవి నా దగ్గర ఉంచుకున్నాను. కంచె బయట అంబులెన్సు, ఫైరింజను, రెండు మూడు వేల మంది జనం. వేదిక మీద ఆర్డీవో గారూ పెద్దలూ. వేదికకీ యుద్ధానికీ మధ్య ముప్పై మీటర్లు. ఆ దూరానికి దిగువకోట దొరగారి పల్లకీ అమ్మవారి తీర్థంలో అమ్మే బొమ్మలా ఉంది.

పొద్దున్న ఎనిమిదింటికి ఫైరింజనుతో వచ్చిన అధికారి ఫోము చుట్టిన కర్రని వేలితో నొక్కి చూసి, "ఇది ఇట్టే అంటుకుంటుందండీ," అన్నాడు. మెట్ట మీద నిప్పనేదే లేదు. అయినా ఆ మాట చెవిన పడ్డాక ఊరుకుంటే రేపు నన్నడుగుతారు. కర్రల్ని పావుగంటకోసారి తడపమన్నాను. ఫైరింజను గొట్టంతో తడిపారు. ఫోము నీళ్ళు తాగింది. దాహం మీదున్న మనిషిలా తాగింది.

పదకొండున్నరకి ఫిరంగి "ధాం" అంది. ఎవరికీ వినబడలేదు. శశిరేఖ గారు చెయ్యూపితే సైన్యాలు కదిలాయి. అనుమతి పత్రాల ప్రకారం దెబ్బలు పడ్డాయి. మొదటి మృతుడు నేల పరీక్షించుకుని, మోకాలు, అరచెయ్యి, భుజం, తల వరసలో చనిపోయాడు. జనం నవ్వారు. ఏనుగు అయిదు నిమిషాలకోసారి ఘీంకరిస్తోంది. నేను కంచె లోపల, నా హెల్మెట్టులో, ఈ భూమ్మీద ఇంత క్షేమమైన యుద్ధం జరగలేదనుకుంటూ నిలబడ్డాను.

చివరి ఘట్టం సేనాధిపతుల ద్వంద్వయుద్ధం. ఎగువకోట సేనాధిపతి సిమ్మయ్య, దిగువకోట సేనాధిపతి తవుడు. ఇద్దరూ తిరగడం మొదలుపెట్టాక జనం నవ్వు ఆగిపోయింది. అంత బరువు మోస్తూ కూడా వాళ్ళ కాళ్ళు నేలని తాకుతున్నట్టు లేవు. మొదటి దెబ్బ ఆగింది. రెండోదీ ఆగింది. కాని సిమ్మయ్య మాటిమాటికీ తల అటూ ఇటూ వంచుతున్నాడు. ఎండకీ, ఊపిరికీ హెల్మెట్ల అద్దాలు లోపలినుంచి మసకబారిపోయాయి. నాదీ మసకబారింది. నాకూ సరిగ్గా కనబడ్డం లేదు. తుడుచుకుందామంటే అద్దం ఎత్తకూడదని నేనే రాశాను.

మూడో దెబ్బ పైనుంచి దిగింది. జుట్టుకి పెసరగింజ ఎత్తున ఆగాల్సిన కర్ర అది. నీళ్ళు తాగిన ఫోము దాని చివర రోకలి పొన్నులా వేలాడుతోంది. సిమ్మయ్య ఆపాడు. ఆయన చేతులు ఆగడం నేను చూశాను. కర్ర ఆగలేదు.

తవుడు అరిచాడు. మెడకీ భుజానికీ మధ్య ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

వేదిక మీద చప్పట్లు మొదలయ్యాయి. పాత కాగితాల ప్రకారం దిగువకోట సేనాధిపతికి తగిలిన దెబ్బ ఎడమ భుజానికే. "అచ్చం అలాగే! అచ్చం అలాగే!" అని శశిరేఖ గారు నిలబడి చప్పట్లు కొడుతున్నారు. రెండు మూడు వేల మంది కొడుతున్నారు. తవుడు మోకాలు, అరచెయ్యి వరస చూసుకోకుండా ఒక్కసారిగా పడిపోయాడు.

ఆ అరుపు నటన కాదని ముందు తెలిసింది ఏనుక్కి. లోపలున్న నలుగురూ సాయానికని నాలుగు వేపులా పరిగెత్తారు. నడుములకి తాడుంది. వెదురు చట్రం విరిగింది, గుడ్డ చిరిగింది, తోక పట్టుకున్న మనిషిని ఈడ్చుకుంటూ అందరూ వచ్చి తవుడికి అడుగు దూరంలో కుప్పగా పడ్డారు. నేను గేటు వేపు పరిగెత్తాను. అద్దం మసకలో తాళం కన్నం కనబడలేదు. తాళంచెవి కిందపడింది. దాన్ని నేల మీద తడుముకుంటున్నాను. కంచె అవతల అంబులెన్సు డ్రైవరు, "సార్, తొందరగా సార్," అంటున్నాడు.

సిమ్మయ్య హెల్మెట్టు తీసి విసిరికొట్టాడు. తలపాగా విప్పి తవుడి చెయ్యిని ఛాతీకి ఆనించి కట్టాడు. "నా కళ్ళల్లోకి సూడొరే. నన్నే సూడు," అంటూనే కట్టు బిగించాడు. పద్నాలుగు మంది మృతులూ, ఆపైన తొమ్మిది మందీ లేచి వచ్చి, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి, తవుణ్ణి ఎనిమిదడుగుల కంచె మీంచి అవతలికి అందించారు. పువ్వులా అందించారు. ఒక్క అనుమతి పత్రం లేదు, ఒక్కరికి గీత పడలేదు. నేను తాళం తెరిచేసరికి అంబులెన్సు వెళ్ళిపోయింది.

మర్నాడు ఆర్డీవో గారు పిలిచారు.

"ప్రమాదమునకు సదరు గురువు నిర్లక్ష్యమే కారణమని ప్రాథమికముగా నిర్ధారించినాము," అన్నారు. "కావున మీరు నిష్పక్షపాతముగా విచారణ జరిపి అదే విషయము నివేదింపుడు. సదరు గరిడీని శాశ్వతముగా నిషేధింతుము."

విచారణ ఫారంలో కారణం దగ్గర మూడు గడులున్నాయి. పాల్గొన్నవారి నిర్లక్ష్యం, సామగ్రి లోపం, దైవికం. మూడు రోజులు ఆ ఫారం ముందు కూర్చున్నాను. ధైర్యవంతుడైతే మూడు నిమిషాల్లో ముగించే పని. మొదటి రోజు దైవికం దగ్గర టిక్కు పెట్టి కొట్టేశాను. రెండో రోజు సామగ్రి లోపం దగ్గర పెట్టాను. ఆ సామగ్రి ఎవరు కొనిపించారని అడుగుతారేమోనని దాన్నీ కొట్టేశాను.

మూడో రోజు సిమ్మయ్య ఆఫీసుకొచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఆసుపత్రినించి వస్తన్నాను బాబూ. ఎవుక కట్టీసినారు. ఆరువారాలు కదలకూడదంట."

పరుగు పరీక్ష ఇంకో తొమ్మిది రోజుల్లో ఉంది. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

"మీరు ఇసారణ రాస్తన్నారంట. నా పేరు రాసీండి బాబూ. కొట్టీసింది నానే కదా. నలభయ్యేళ్ళలో నా సెయ్యి అబద్దం సెప్పనేదు. మొన్న సెప్పీసింది. మీ మీదికి మాట రాకూడదు. ఆ గుంటడు మిమ్మల్ని బాగా నమ్మీసినాడు."

ఆయన వెళ్ళాక మూడు గడులూ కొట్టేసి, పక్కన ఖాళీలో ఇలా రాశాను: "కారణం నేను. గురువు చూపుని నేను మూయించాను. గురువు కర్ర బరువు నేను పెంచాను. గురువు వద్దన్నప్పుడు నేను వినలేదు." సంతకం చేశాను.

ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలేదు. పదిహేను రోజుల తరవాత పైనుంచి మెమో వచ్చింది. నా నివేదికని వాళ్ళు చాలా శ్రద్ధగా చదివారు. "ప్రమాద కారణము శ్రీ బెహరా జగన్నాయకులు అని విచారణలో తేలినందున, సదరు అధికారిని ప్రమాదకర అంశముగా వర్గీకరించడమైనది. ఇకపై ఉత్సవములలో పాల్గొనువారు సదరు అధికారి నుండి కనీసము ముప్పై మీటర్ల దూరము పాటించవలెను. సదరు అధికారి చుట్టును తగు కంచె ఏర్పాటు చేయవలెను." నేను చదివిన ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఇంత సబబైనది ఇంకోటి లేదు. మా ఆవిడ దాన్ని వంటింట్లో క్యాలెండరు పక్కన తగిలించింది. గరిడీ మీద నిషేధం మాత్రం తప్పిపోయింది.

కాని తవుడి పరుగు మిగిలిపోయింది. ప్రభుత్వ కార్యక్రమంలో దెబ్బ తగిలింది కాబట్టి ఇంకో తేదీ ఇవ్వమని ఎంపిక కమిటీకి దరఖాస్తు పెట్టించాను. తిప్పి పంపారు. ఉత్సవం తుది నివేదికలో "గాయములన్నియు నటన మాత్రమే, నూటికి నూరు శాతము యథార్థముగా నటింపబడినవి" అని ఉందట. నటించిన గాయానికి మినహాయింపు లేదట. ఆ నివేదిక రాసింది శశిరేఖ గారు. అప్పటికి తవుడి తేదీ దాటిపోయింది. మిగతా జిల్లాల అభ్యర్థులకి ఇంకో రెండు నెలలు పరీక్షలున్నాయి, అదొక్కటే ఆశ.

కాలేజీకి వెళ్ళి ఆవిడకి ఆ తిప్పి పంపిన కాగితం చూపించాను. ఆవిడ చాలాసేపు చదివారు.

"దెబ్బ నిజమని రాస్తే నా యథార్థత నివేదిక అబద్ధమవుతుంది," అన్నారు.

"అవునండి."

"నా ఏడేళ్ళ పరిశోధన నిజమని పడిన ఒకే ఒక్క ముద్ర అది."

"అవునండి. నా ముద్ర ఏమిటో మీకు తెలుసు కదా. మా వంటింట్లో ఉంది."

ఆవిడ నవ్వలేదు. "ఆ కుర్రాడు అరుస్తుంటే నేను చప్పట్లు కొట్టాను, జగన్నాయకులు గారూ. ఆపమని ఎవరో చెప్పేదాకా కొడుతూనే ఉన్నాను." కాగితం తీసుకుని నిలబడే రాసిచ్చారు. తన నివేదిక తప్పని, దెబ్బ నిజమని, అరుపు నిజమని, చప్పట్లు పొరపాటని. ఆ కాగితం పట్టుకుని కమిటీ ఆఫీసు చుట్టూ పదకొండుసార్లు తిరిగాను. ఆఖరి విడతలో, ఆఖరి రోజున తవుడికి తేదీ ఇచ్చారు.

ఆ రోజు మైదానం బయట గోడ పక్కన నేనూ సిమ్మయ్యా నిలబడ్డాం. ఎముక అతుక్కుని పట్టుమని నాలుగు వారాలు కాలేదు. పదహారు వందల మీటర్లు. మొదటి రెండు చుట్లూ తవుడు వెనకబడే ఉన్నాడు. ఎడమ చెయ్యి ఊపలేక ఛాతీకి ఆనించి పరిగెత్తుతున్నాడు. నేను గోడ మీది ఇనప చువ్వల్ని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, వాటికి తుప్పుందో, వాడి కొనలున్నాయో, ఎత్తు ఎంతుందో చూడనే లేదు.

"పడిపోతాడా సిమ్మయ్యా?" అన్నాను.

"ఏమో బాబూ. పరుగు సంగతి నాకేటి తెలుసు," అన్నాడు. ఆయన పెదాలు ఆరిపోయి ఉన్నాయి.

మూడో చుట్టులో తవుడు ఇద్దర్ని దాటాడు. నాలుగో చుట్టులో చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు. నొప్పికి మొహం వంకరపోతోంది, అయినా ఊపుతున్నాడు. గీత దాటాక గడ్డిలో కూలబడ్డాడు. ఒక పోలీసాయన వంగి, చేతిలోని వాచీ చూసి, అట్టమీద ఏదో రాసుకుని, తవుడి వీపు మీద తట్టాడు. తవుడు లేచి మా వేపు తిరిగి కుడిచెయ్యి పైకెత్తాడు.

సిమ్మయ్య నా భుజం పట్టుకుని ఊపేశాడు. ముప్పై మీటర్ల దూరం సంగతి ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

సెలవు చీటీలో కారణం దగ్గర మామూలుగా "జ్వరం" అని రాస్తాను. ఈసారి "ఒకడు పరిగెత్తుతుంటే చూడ్డానికి" అని రాశాను. నా సర్వీసు మొత్తంలో నేను నిజం రాసిన రెండో కాగితం అది. మా పైఅధికారి దాన్ని మంజూరు చెయ్యకుండా, "స్పష్టత లేదు" అని రాసి తిప్పి పంపించారు.